ఆస్ట్రేలియా క్రూజ్ మార్కెట్లో పోటీ: తరచుగా అడిగే ప్రశ్నలు

సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్‌లలోని తెలుగు కుటుంబాల్లో క్రూజ్ మాట రెండు సందర్భాల్లో ఎక్కువగా వస్తుంది: పిల్లలకి స్కూలు సెలవులిచ్చినప్పుడు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు. బుకింగ్ వెబ్‌సైట్ తెరిస్తే బోలెడన్ని లోగోలు, అన్నిటి మీదా డిస్కౌంట్లు. కంపెనీలు మన కోసం కొట్టుకుంటున్నాయేమో అనిపిస్తుంది. ఆ పోటీ అసలు ఎవరెవరి మధ్య, దేనికోసం జరుగుతోందో ఈ పేజీ చెబుతుంది. ఏ ఓడలో బఫే బాగుంటుంది, ఏ కేబిన్లో నిద్ర బాగా పడుతుంది లాంటివి ఇక్కడ దొరకవు.

ఆస్ట్రేలియాలో ఎన్ని క్రూజ్ కంపెనీలు ఉన్నాయి?

లోగోలు లెక్కపెడితే చాలా ఉన్నాయి. పెద్ద యజమానుల్ని లెక్కపెడితే ఒక చేతి వేళ్లు సరిపోతాయి.

కార్నివాల్ క్రూజ్ లైన్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, కునార్డ్, సీబోర్న్ అన్నీ కార్నివాల్ కార్పొరేషన్ అనే ఒకే సంస్థవి. రాయల్ కరీబియన్, సెలబ్రిటీ, సిల్వర్‌సీ రాయల్ కరీబియన్ గ్రూపువి. నార్వీజియన్, ఓషియానియా, రీజెంట్ మూడూ ఇంకో గ్రూపువి. మీరు ప్రిన్సెస్ ధర చూసి, "మరీ ఎక్కువ" అనుకుని కార్నివాల్‌లో బుక్ చేశారనుకోండి. డబ్బు చేరేది అదే ఖజానాకి.

ఇది మోసమేమీ కాదు. సబ్బుల కంపెనీలూ ఇలాగే నాలుగు పేర్లతో నాలుగు రకాల కొనుగోలుదార్లని పట్టుకుంటాయి. కాకపోతే "పోటీ బాగా ఉంది కాబట్టి ధరలు వాటంతటవే దిగుతాయి" అని అనుకునేముందు యజమాని ఎవరో చూసుకోవడం మంచిది.

పీ అండ్ ఓ క్రూజెస్ ఆస్ట్రేలియా ఏమైంది? దివాలా తీసిందా?

లేదు. 2024 జూన్‌లో కార్నివాల్ కార్పొరేషన్ ఆ బ్రాండును మూసేస్తున్నట్టు ప్రకటించింది. 2025 మార్చిలో అది కార్నివాల్ క్రూజ్ లైన్‌లో కలిసిపోయింది. 1932లో స్ట్రాథైర్డ్ ఓడతో ఇక్కడ విహారయాత్రలు మొదలుపెట్టిన పేరు అది. తొంభై ఏళ్లు దాటిన చరిత్ర ఒక పత్రికా ప్రకటనతో ముగిసింది.

కంపెనీ చెప్పిన కారణాలు సూటిగానే ఉన్నాయి: దక్షిణ పసిఫిక్‌లో జనాభా తక్కువ, ఓడ నడిపే ఖర్చులూ నిబంధనల ఖర్చులూ బాగా ఎక్కువ. ఇంత చిన్న మార్కెట్‌కి విడిగా ఒక బ్రాండు, దానికి విడిగా ఆఫీసు, ప్రకటనలు, బుకింగ్ వ్యవస్థ అంటే గిట్టుబాటు కాదన్నమాట. నాకైతే ఇందులో ఇంకో విషయం కనిపిస్తుంది. ఒకే యజమాని రెండు దుకాణాలు పక్కపక్కనే నడుపుతూ ఒకదాని గిరాకీ ఇంకొకటి లాక్కోవడం వాళ్లకే విసుగనిపించి ఉంటుంది. 2012లో కార్నివాల్ స్పిరిట్‌ని సిడ్నీకి తెచ్చినప్పటి నుంచీ ఈ రెండు బ్రాండ్లూ కుటుంబాలకి దాదాపు ఒకే సరుకు అమ్ముతూ వచ్చాయి.

బ్రిటన్‌లోని పీ అండ్ ఓ క్రూజెస్ మామూలుగానే నడుస్తోంది. పీ అండ్ ఓ ఫెర్రీస్ యజమాని వేరే, దానికీ ఈ కథకీ సంబంధం లేదు.

ఓడలూ పోయాయా?

పేర్లు మారాయంతే. ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలియాలంటే వీటి జాతకాలు చూడాలి.

మొదట గోల్డెన్ ప్రిన్సెస్‌గా ప్రిన్సెస్ బ్రాండులో ఉన్న ఓడ తర్వాత పీ అండ్ ఓకి వచ్చి పసిఫిక్ అడ్వెంచర్ అయ్యింది. ఇప్పుడు కార్నివాల్ అడ్వెంచర్. స్టార్ ప్రిన్సెస్ కూడా ఇదే దారిలో పసిఫిక్ ఎన్‌కౌంటర్, ఆపైన కార్నివాల్ ఎన్‌కౌంటర్ అయ్యింది. కార్నివాల్ లూమినోసా ఒకప్పుడు ఇటలీ బ్రాండు కోస్టాది. డాన్ ప్రిన్సెస్ అని మొదలైన మరో ఓడ 2017లో పసిఫిక్ ఎక్స్‌ప్లోరర్ అయ్యింది. దాన్ని మాత్రం బ్రాండుతోపాటే వదిలించుకున్నారు. ఆసియాలో రిసార్ట్స్ వరల్డ్ క్రూజెస్ చేతికి వెళ్లి స్టార్ వాయేజర్ పేరుతో నడుస్తోంది.

అంటే ఈ మార్కెట్‌కి మొన్నమొన్నటి దాకా ఎక్కువగా వచ్చినవి అమెరికాలోనో యూరప్‌లోనో కొన్నేళ్లు తిరిగిన ఓడలు. కొత్త ఓడ దిగగానే ఇక్కడికి పంపడం అరుదు. అందుకే 2016 డిసెంబరులో రాయల్ కరీబియన్ తన ఓవేషన్ ఆఫ్ ద సీస్‌ని, అది నీళ్లలోకి వచ్చిన ఏడాదే, సిడ్నీకి తేవడం పెద్ద వార్తైంది. 1,68,000 టన్నుల ఓడ, నాలుగు వేలకు పైగా ప్రయాణికులు. పాత ఓడలతో సర్దుకుపోతున్న పోటీదారుకి అది సవాలే.

పోటీ ఎప్పుడూ ఇలాగే ఉండేదా?

ఒకప్పుడు ఇంకా రసవత్తరంగా ఉండేది. యూరప్ నుంచి వలస కుటుంబాల్ని తెచ్చిన ఓడలకి, జెట్ విమానాలు వచ్చాక పని లేకుండా పోయింది. ఆ కంపెనీలు ఓడల్ని విహారయాత్రలకి మళ్లించాయి. సిట్మార్ వాళ్ల ఫెయిర్‌స్టార్ అలా వచ్చిందే. "ఫన్‌షిప్" అని పేరు తెచ్చుకుని, 1997లో విరమించే దాకా ఒక తరం ఆస్ట్రేలియన్లకి క్రూజ్ అంటే అదే.

మరో పక్క సోవియట్ యూనియన్! ఎర్ర జెండా ఓడలు సిడ్నీ నుంచి చవక ధరలకి పసిఫిక్ దీవులకి తిప్పేవి. అఫ్ఘానిస్తాన్ మీదికి సోవియట్ సైన్యం వెళ్లాక, 1980లో ఫ్రేజర్ ప్రభుత్వం ఆ ఓడల్ని ఆస్ట్రేలియా పోర్టుల్లోకి రానివ్వలేదు. ప్రచ్ఛన్న యుద్ధం పుణ్యమా అని మిగతా కంపెనీలకి ధరల పోటీ కొన్నాళ్లు తప్పింది. నిషేధం పోయాక అవి తిరిగొచ్చాయి. వాటిలో ఒకటి మిఖాయిల్ లెర్మంతోవ్, 1986 ఫిబ్రవరిలో న్యూజిలాండ్ తీరంలో రాళ్లకి తగిలి మునిగిపోయింది. ఆ ఓడ ప్రస్తావన కింద మళ్లీ వస్తుంది.

1988లో సిట్మార్‌ని పీ అండ్ ఓ కొనేసింది. 2003లో పీ అండ్ ఓ క్రూజ్ వ్యాపారమైన పీ అండ్ ఓ ప్రిన్సెస్ మొత్తంగా కార్నివాల్‌తో కలిసింది. దాన్ని దక్కించుకోవాలని రాయల్ కరీబియన్ కూడా గట్టిగానే ప్రయత్నించింది. ఆ పెళ్లి అటు కుదిరి ఉంటే ఈరోజు సిడ్నీ రేవులో లోగోల లెక్క వేరుగా ఉండేది.

వర్జిన్, డిస్నీ, కునార్డ్ ఎందుకు వెళ్లిపోయాయి?

ఒక్కొక్కరిది ఒక్కో కారణం. వర్జిన్ వాయేజెస్ 2023-24లో రెజీలియంట్ లేడీ అనే పెద్దలకి మాత్రమే అనుమతి ఉన్న ఓడని మెల్‌బోర్న్‌లో పెట్టింది. ఒక్క సీజన్ అయ్యాక, ఎర్ర సముద్రంలో దాడుల వల్ల యూరప్ నుంచి రావడం కష్టమని చెప్పి రెండో సీజన్ రద్దు చేసింది. డిస్నీ వండర్ 2023 చివర్లో వచ్చి, 2025-26 సీజన్‌తో వెళ్లిపోయింది. కునార్డ్ తన క్వీన్ ఎలిజబెత్‌ని 2024-25 తర్వాత ఇక్కడ నిలపడం ఆపేసింది. ఆ ఓడ ఇప్పుడు అలాస్కా, మయామీ వైపు తిరుగుతోంది. కునార్డ్ ఓడలు ప్రపంచ యాత్రలో భాగంగా సిడ్నీని పలకరించి పోవడం మాత్రం ఆగలేదు.

కారణాలు వేరైనా వెనకున్న లెక్క ఒకటే. ఓడకి చక్రాలు లేవు గానీ దాన్ని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. హోటల్ కట్టినవాడు నష్టమొచ్చినా అక్కడే ఉండాలి. క్రూజ్ కంపెనీకి ఆ బాధ లేదు. మయామీలో ఒక కేబిన్‌కి వచ్చే రాబడి సిడ్నీలో రాకపోతే వచ్చే ఏడు ఓడ అటే పోతుంది. కాబట్టి ఆస్ట్రేలియాలో అసలు పోటీ ప్రయాణికుల కోసం కంపెనీల మధ్య కన్నా, ఓడల కోసం దేశాల మధ్య ఎక్కువగా ఉంది. ఆ పోటీలో ఆస్ట్రేలియా ఈమధ్య వెనకబడుతోంది.

జనం ఎగబడుతున్నారంటారు కదా, అయినా గిట్టదా?

ఎగబడేది నిజమే. 2018లో సుమారు 13.5 లక్షల మంది ఆస్ట్రేలియన్లు క్రూజ్‌కి వెళ్లారు. జనాభాతో పోలిస్తే ప్రపంచంలో ముందు వరుసలో ఉండే దేశం ఇది. మొత్తం మీద చూస్తే మాత్రం మూడు కోట్ల జనం కూడా లేని దేశం. అమెరికాతో పోలికే లేదు.

ఖర్చుల వైపు చూడండి. చాలా కంపెనీలకి సీజన్ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకానే. ఆ తర్వాత ఓడ అలాస్కాకో యూరప్‌కో పోవాలి, మళ్లీ రావాలి. అంత దూరం ఇంధనం కాలుతుంది. పోర్టు ఫీజులు ఎక్కువ. మెల్‌బోర్న్ స్టేషన్ పియర్‌లో చార్జీలు పెంచినప్పుడు కంపెనీలు బహిరంగంగానే గొడవ చేశాయి.

న్యూజిలాండ్‌ది మరో రకం తలనొప్పి. ఓడ అడుగున నాచు, గుల్లలు పట్టి ఉంటే తమ సముద్రంలోకి రానివ్వరు. పర్యావరణం దృష్ట్యా ఆ నిబంధన సబబే. కానీ 2022-23 సీజన్‌లో దానివల్ల చాలా ఓడలు పోర్టులు వదిలేసుకోవాల్సి వచ్చింది. వైకింగ్ ఓరియన్ అయితే అడుగు శుభ్రం చేయించుకోడానికి అడిలైడ్ దగ్గర సముద్రంలోనే ఆగింది. డబ్బులు కట్టి ఎక్కినవాళ్లు రేవులు చూడకుండా నీళ్లు చూస్తూ గడిపారు. 2024 మేలో న్యూ కాలెడోనియాలో అల్లర్లు మొదలై, దాని రాజధాని నుమియాకి ఓడలు ఆగిపోయాయి. అదే ఏడాది డిసెంబరులో వనువాటు రాజధాని పోర్ట్ విలాని భూకంపం కుదిపేసింది. సిడ్నీ నుంచి వారం, పది రోజుల్లో వెళ్లి రాగల దీవులే కొన్ని. వాటిలో రెండు ఒకే ఏడాది దెబ్బతింటే ఎటు తిప్పుతారు?

రాయల్ కరీబియన్ వనువాటులోని లెలెపా దీవిలో సొంత బీచ్ క్లబ్ కడతానని ప్రకటించడం ఈ కోణంలో చూడాలి. బహామాస్‌లో బాగా డబ్బు తెచ్చిన సూత్రమే ఇది: రేవు మనదైతే ప్రయాణికుడు అక్కడ ఖర్చు పెట్టే ప్రతి డాలరూ మనదే.

సిడ్నీ హార్బర్ బ్రిడ్జికి క్రూజ్ పోటీతో ఏం సంబంధం?

చాలానే ఉంది. వంతెన కింద సుమారు 49 మీటర్ల ఎత్తే ఖాళీ. ఇప్పటి పెద్ద ఓడలు దాని కింద పట్టవు. వంతెనకి లోపలి వైపు రోజెల్‌లో వైట్ బే టెర్మినల్ 2013లో తెరిచారు గానీ, అక్కడికి వెళ్లగలిగేది తక్కువ ఎత్తున్న ఓడలే. పెద్దవాటికి మిగిలింది సర్క్యులర్ కీ దగ్గరున్న ఓవర్సీస్ ప్యాసింజర్ టెర్మినల్. ఆపెరా హౌస్ ఎదురుగా, అద్భుతమైన చోటు. కానీ పెద్ద ఓడ ఒక్కటి నిలిస్తే నిండిపోతుంది.

డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో ఆ బెర్త్, అంటే ఓడ నిలిపే చోటు, ఎవరికి దొరికితే వాళ్లదే సీజన్. తేదీలు చాలా ముందే బుక్కైపోతాయి. కొత్త కంపెనీ ఎంత మంచి ఓడ తెచ్చినా, మంగళవారం బయల్దేరే యాత్రని ఉద్యోగస్తులకి అమ్మడం కష్టం. యారా బే దగ్గర మూడో టెర్మినల్ కడదామన్నారు, స్థానికులు వద్దన్నారు, ఆ ఆలోచన అటకెక్కింది. గార్డెన్ ఐలాండ్‌లో జాగా ఉంది కానీ అది నేవీది. నన్నడిగితే, ఈ మార్కెట్లో పోటీకి అతిపెద్ద అడ్డు ఏ కంపెనీ ఆధిపత్యమూ కాదు, ఈ బెర్తుల కొరతే.

మరి బ్రిస్బేన్ పరిస్థితి?

మెరుగు. అక్కడా పాత టెర్మినల్‌కి పోవాలంటే నది మీది గేట్‌వే వంతెన అడ్డం. అందుకే నది ముఖద్వారం దగ్గర లగేజ్ పాయింట్‌లో కొత్తది కట్టి 2022లో తెరిచారు. వెంటనే క్వాంటమ్ ఆఫ్ ద సీస్ లాంటి పెద్ద ఓడ అక్కడ మకాం వేయగలిగింది. రేవు ఉంటే పోటీ దానంతటదే వస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఊరికి దూరం, ట్యాక్సీ ఖర్చు లెక్కలో వేసుకోండి.

విదేశీ ఓడలు ఆస్ట్రేలియా ఊళ్ల మధ్య ప్రయాణికుల్ని తిప్పొచ్చా?

తిప్పొచ్చు. 2012 నాటి కోస్టల్ ట్రేడింగ్ చట్టం దేశీయ తీర రవాణాని నియంత్రిస్తుంది. కానీ 5,000 టన్నులు దాటిన పెద్ద ప్రయాణికుల ఓడలకి మినహాయింపు ఇస్తూ వచ్చారు. అమెరికాలో అలా కాదు, విదేశీ జెండా ఓడ మధ్యలో విదేశీ పోర్టుకి వెళ్లి రావాల్సిందే. ఈ మినహాయింపు లేకపోతే సిడ్నీ–హోబర్ట్, బ్రిస్బేన్–కెయిర్న్స్ యాత్రలు దాదాపు ఉండవు. ఆస్ట్రేలియా జెండా కింద నడిచే పెద్ద క్రూజ్ ఓడలు లేవు కాబట్టి.

ఆస్ట్రేలియా సొంత కంపెనీలు అసలు లేవా?

చిన్న ఓడల్లో ఉన్నాయి. కెయిర్న్స్ కేంద్రంగా కోరల్ ఎక్స్‌పెడిషన్స్, సిడ్నీ కేంద్రంగా అంటార్కిటికా యాత్రలతో పేరు తెచ్చుకున్న ఆరోరా ఎక్స్‌పెడిషన్స్ ఉన్నాయి. యూరప్ నదుల్లో తిప్పే సీనిక్ 1986లో న్యూకాసిల్‌లో మొదలైంది. ఆ న్యూకాసిల్ సిడ్నీకి ఉత్తరాన ఉన్నదే, ఇంగ్లండ్‌ది కాదు.

పోటీ నిజంగా పెరిగినది కింబర్లీలో. బ్రూమ్, డార్విన్ మధ్య ఎర్రటి కొండలు, జలపాతాలు, రోడ్డు లేని తీరం. వానలు లేని నెలల్లోనే యాత్ర. ఫ్రాన్స్ నుంచి పొనాంట్, రాయల్ గ్రూపు నుంచి సిల్వర్‌సీ, కార్నివాల్ గ్రూపు నుంచి సీబోర్న్ అందరూ దిగారు. ధరలు మాత్రం దిగలేదు. ఒక్కొక్కరికి వేల డాలర్లలోనే. చిన్న ఓడ, తక్కువ కేబిన్లు, డబ్బున్న రిటైరైనవాళ్లు. ఇక్కడ పోటీ గైడు ఎంత చదువుకున్నవాడు, హెలికాప్టర్ ఉందా అన్నదాని మీదే.

కంపెనీలు తగ్గితే టికెట్ ధర పెరుగుతుందా?

వేసవిలో వెంటనే కాదు. సిడ్నీలో రాయల్ కరీబియన్, కార్నివాల్ ఎదురెదురుగా ఉన్నంత కాలం ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు. పైగా వాళ్లిద్దరికీ బాలీ, ఫిజీ పోటీ. మెల్‌బోర్న్ కుటుంబం సెలవులకి విమానమెక్కి బాలీ రిసార్టులో దిగితే ఎంతవుతుందో, దానికన్నా మరీ ఎక్కువ పెట్టి క్రూజ్ ఎక్కదు.

జాగ్రత్త పడాల్సింది చలికాలంలో. జూన్ నుంచి ఆగస్టు దాకా చాలా బ్రాండ్లు ఉత్తరార్ధగోళానికి పోతాయి. ఏడాది పొడవునా ఇక్కడ ఓడలు ఉంచేది ప్రధానంగా కార్నివాలే. అప్పట్లో పీ అండ్ ఓ కూడా ఉండేది, అయితే అదీ వాళ్లదే అనుకోండి. జులై సెలవులకి వెళ్లాలనుకునే కుటుంబానికి చేతిలో ఉన్నవి తక్కువ.

ధరలు పోల్చేటప్పుడు ఏం చూడాలి?

మొత్తం ధర కనపడేలా ప్రకటించాలని ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం చెబుతుంది కాబట్టి, పోర్టు చార్జీలు ఆఖర్లో వచ్చి మీదపడటం అమెరికా సైట్లలో జరిగినంతగా ఇక్కడ జరగదు. తేడా అంతా ఓడ ఎక్కాకే. టిప్స్ కలిసున్నాయా, వైఫై ఎంత, స్పెషల్ రెస్టారెంట్లకి విడిగా కట్టాలా? శాకాహారులకి మెయిన్ డైనింగ్‌లో ముందే చెబితే ఇండియన్ వంటలు చేసిపెట్టే ఓడలున్నాయి. బుక్ చేసేటప్పుడే అడగండి, ఎక్కాక అడిగితే పప్పన్నం ఆశ వదులుకోవాల్సిందే.

చవకగా పోవాలంటే ఏప్రిల్, మే నెలల్లో ఓడ సీజన్ ముగించుకుని సింగపూర్‌కో హవాయికో వెళ్లే వన్‌వే యాత్రలు చూడండి. కంపెనీ ఓడని ఎలాగూ తీసుకుపోవాలి, ఖాళీ కేబిన్ దండగ. రిటర్న్ విమానం టికెట్ మాత్రం మీదే.

యాత్ర చెడితే మనకి హక్కులేమైనా ఉంటాయా?

ఆస్ట్రేలియాలో బాగానే ఉంటాయి. దీనికి కారణం కంపెనీల మంచితనం కాదు, కోర్టులు.

మునిగిపోయిన మిఖాయిల్ లెర్మంతోవ్ కేసు హైకోర్టు దాకా వెళ్లింది. ఇక్కడ హైకోర్టు అంటే మన సుప్రీం కోర్టు లాంటిది, దేశానికంతటికీ ఆఖరి కోర్టు. ఆనందం కోసం కొనుక్కున్న యాత్ర పాడైతే ఆ నిరాశకి, మనస్తాపానికి కూడా పరిహారం అడగొచ్చని 1993లో తేలింది. 2013లో యూరప్ వరదల్లో నది యాత్ర కాస్తా బస్సు యాత్రగా మారిన సీనిక్ ప్రయాణికులకి 2020లో హైకోర్టు అదే హక్కుని ఇంకాస్త గట్టిపరిచింది.

ఇక ప్రిన్సెస్ బ్రాండు ఓడ రూబీ ప్రిన్సెస్. 2020 మార్చి 19న సిడ్నీలో ప్రయాణికుల్ని దింపింది, ఆ ఓడతో ముడిపడిన కోవిడ్ మరణాలు 28. కంపెనీ నిర్లక్ష్యంగా వ్యవహరించిందని 2023 అక్టోబరులో ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. విదేశాల్లో టికెట్ కొన్నవాళ్ల కాంట్రాక్టులో "సామూహికంగా దావా వేయకూడదు" అనే నిబంధన ఉంది. అది అన్యాయమైనది, చెల్లదు అని డిసెంబరులో హైకోర్టు చెప్పింది. అంటే ఇండియాలో కూర్చుని అమెరికన్ సైట్లో కొన్నా, ఆస్ట్రేలియాలో వ్యాపారం చేసే కంపెనీ అయితే ఇక్కడి చట్టం అక్కరకి రావచ్చు. కోవిడ్ వల్ల 2020 మార్చి నుంచి 2022 ఏప్రిల్ దాకా క్రూజ్‌లకి ఆస్ట్రేలియా తలుపులు మూసేసింది.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు. వీసా మల్టిపుల్ ఎంట్రీయా కాదా అన్నది బుక్ చేసే ముందే చూడండి. విదేశీ పోర్టులకి వెళ్లొచ్చే యాత్రలో సింగిల్ ఎంట్రీ వీసాతో రిస్క్ తీసుకోకండి. న్యూజిలాండ్‌కి క్రూజ్‌లోనే వచ్చి క్రూజ్‌లోనే వెళ్లిపోయే ప్రయాణికులకి ఏ దేశ పాస్‌పోర్టయినా ఎన్‌జెడ్ ఈటీఏ సరిపోతుంది. విమానంలో దిగితే ఇండియన్ పాస్‌పోర్టుకి మామూలు వీసానే. పసిఫిక్ దీవుల నిబంధనలు ఒక్కోదానికి ఒక్కోటి, క్రూజ్ కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

ఇన్సూరెన్స్ లేకుండా మాత్రం పెద్దవాళ్లని ఎక్కించకండి. ఓడలో డాక్టరు ఫీజు ప్రైవేటు లెక్కే. మెడికేర్ ఉన్న మీకే అది సాధారణంగా ఓడలో పనిచేయదు, వాళ్లకి అసలే లేదు.

విశాఖ నుంచి వెళ్లిన క్రూజ్‌కీ వీటికీ చుట్టరికం ఉందా?

ఉంది. 2022 జూన్‌లో విశాఖపట్నం వచ్చిన కార్డీలియా వాళ్ల ఎంప్రెస్, అంతకు ముందు రాయల్ కరీబియన్ వారి ఎంప్రెస్ ఆఫ్ ద సీస్. కోవిడ్ కాలంలో అమ్మేశారు. విశాఖలో 2023లో క్రూజ్ టెర్మినల్ కూడా తయారైంది. వంతెన అడ్డం లేని రేవు అది, ఆ ఒక్క విషయంలో సిడ్నీ కన్నా నయం. ఓడలే రావాలి.